గన్నవరం నుంచి ఎక్కడికి?

ఈమధ్య బెజవాడలో నలుగురు కూడితే గన్నవరం ఎయిర్‌పోర్టు గొప్పలే వినపడుతున్నాయి. రన్‌వే 3,360 మీటర్లట. కొత్త టెర్మినల్ 35,000 చదరపు మీటర్లట. అద్దాలట, మెట్లెక్కే పని లేకుండా నేరుగా విమానంలోకి నడిచిపోయే వంతెనలట. సంతోషమే నాయనా, ఎవరు కాదన్నారు? మరి అక్కడ ఎక్కితే నేరుగా ఏ ఊళ్లో దిగొచ్చు అని అడిగితే మాత్రం చెప్పేవాడి గొంతు తగ్గిపోతుంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, ముంబై దాకా గడగడా చెబుతాడు. ఆ తర్వాత ‘మొన్నటిదాకా ఉండేదండీ’, ‘వచ్చే నెల నుంచి వేస్తారటండీ’ మొదలవుతాయి. ఉండేది, వేస్తారు. ఈ రెండు మాటల మధ్యే మా ఏరోడ్రం చరిత్రంతా ఉంది.

బెజవాడలో విలేకరిగా జీవితం గడిపినవాణ్ణి. మంత్రి దిగినా, సినిమావాళ్లు దిగినా, కొత్త సర్వీసుకి కొబ్బరికాయ కొట్టినా గన్నవరం పరిగెత్తడం మా ఉద్యోగం. కొట్టిన ప్రతి కొబ్బరికాయ గురించీ రాశాను. తారీఖులతో సహా నా నోటు పుస్తకాల్లో ఉన్నాయి. ఆగిపోయిన సర్వీసుల తారీఖులు కూడా రాసి పెట్టుకున్నాను. పేపర్లో వాటికి చోటు ఇచ్చేవాళ్లు కాదు. మొదలైతే మొదటి పేజీ, ఆగిపోతే లోపలెక్కడో నాలుగు లైన్లు. తప్పు మా పత్రికలవాళ్లదీ ఉంది. ఇప్పుడు ఆ నాలుగు లైన్లు కూడా రావడం లేదు.

మా పెద్దవాళ్లు చెప్పిన దగ్గర్నుంచి మొదలుపెడతాను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. కోస్తా అంతా వణికిపోయింది. గన్నవరం మైదానం ఆ యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ల సైన్యం వాడుకున్నదే. యుద్ధం అయిపోయింది, సైన్యం పోయింది, నేల మిగిలింది. పక్కనే మద్రాసు, కలకత్తాల మధ్య సాగే పెద్ద రోడ్డు, ఇంకాస్త అవతల రైలు కట్ట, ఏలూరు కాలువ. అంతకుముందు తరాలవాళ్లు ఆ కాలువలో పడవలెక్కి ఏలూరు వెళ్లేవాళ్లు. నీళ్లదారి, రైలుదారి, రోడ్డుదారి, గాలిదారి నాలుగూ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు ఎన్నో ఉండవు. ఇలాంటి చోటు చేతిలో ఉండి కూడా విమానం నిలబెట్టుకోలేకపోవడం నాకు కడుపుమంట.

ఇక మా రోజులు. 1981లో కేంద్రం వాయుదూత్ అని ఒక సంస్థ పెట్టింది. చిన్న ఊళ్లకు చిన్న విమానాలు వేయాలన్నది దాని ఉద్దేశం. ముందు ఈశాన్య రాష్ట్రాల కోసం పుట్టి తర్వాత దేశమంతా పాకింది. 19 మంది పట్టే డోర్నియర్లు కూడా నడిపేది. వాటిని కాన్పూరులో హెచ్‌ఏఎల్ తయారు చేసేది. మన బెజవాడ పేరు కూడా దాని ఊళ్ల పట్టీలో చేరింది. అప్పటి టెర్మినల్ చూస్తే ఈనాటి పిల్లలు బస్టాండేమో అనుకుంటారు. ఒక హాలు, నాలుగు వరసల కుర్చీలు, తూకం, ఒక కౌంటరు. బోర్డింగ్ కార్డు మీద సీటు నంబరు చేత్తో రాసిచ్చేవాళ్లు. మైకు అక్కర్లేదు, గుమాస్తా లేచి నిలబడి పిలిస్తే అందరికీ వినపడేది.

అప్పటి ఒక పద్ధతి గురించి చెప్పాలి. పెట్టెలన్నీ తీసుకెళ్లి విమానం పక్కన నేల మీద వరసగా పెట్టేవాళ్లు. ప్రయాణికుడు నడిచెళ్లి ‘ఇది నాది’ అని వేలుపెట్టి చూపిస్తేనే ఆ పెట్టె లోపలికెక్కేది. ఎవరూ చూపించని పెట్టె నేల మీదే ఆగిపోయేది. బాంబుల భయం ఉన్న రోజులవి. అంత భయంలోనూ భద్రత మనిషి కంటికీ మాటకీ అప్పగించారు. పెట్టె పోయిందన్న గొడవ నేను అక్కడ విన్న గుర్తు లేదు. ఇప్పుడు పెట్టె బెల్టు మీద పడి తెర వెనక్కి పోతుంది, అవతలి ఊళ్లో దిగి అరగంటసేపు బెల్టు తిరగడం చూస్తూ నిలబడాలి. రాకపోతే ఫారం నింపాలి. ఫారం తీసుకున్న అమ్మాయి ఇంకో నంబరు ఇస్తుంది. ఆ నంబరు ఎవరూ ఎత్తరు.

సాగనంపడం కూడా పోయింది. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి. గుడివాడ నుంచో ఉయ్యూరు నుంచో ఒక కుర్రాడు పై చదువుకి వెళ్తున్నాడంటే ఇంటిల్లిపాదీ మెటాడోర్ వ్యానులో దిగేవాళ్లు. మేనత్త, పెదనాన్న, ఎదురింటి మాస్టారు, పాలేరు కూడా. కంచె దాకా వెళ్లనిచ్చేవాళ్లు. కుర్రాడు మెట్లెక్కి వెనక్కి తిరిగి చెయ్యూపితే అమ్మ కంటికి కనపడేవాడు. ఫ్యాన్లు తిరిగి దుమ్ము లేచి చీర కొంగు మొహానికి కొట్టుకున్నా ఆవిడ కదిలేది కాదు. విమానం చెట్ల మీంచి కనుమరుగయ్యాకే వ్యాను స్టార్టయ్యేది. ఇప్పుడు? కారు ఆపగానే ఈలలు. ‘ఆపకండి, ఆపకండి, దింపేసి కదలండి.’ డెబ్బై ఏళ్ల తల్లి బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టే లోపల వెనక హారన్ కొడతారు. బిడ్డ గాజు తలుపులోకి వెళ్లాడంటే ఇక అంతే. ఏ విమానం వాడిదో తెలీదు, ఎప్పుడు లేచిందో తెలీదు. ఫోన్‌లో గీత కదలడం చూసుకోవాలట.

1999 డిసెంబరులో మన విమానాన్ని కాందహార్‌కి ఎత్తుకెళ్లాక దేశమంతా కట్టుదిట్టం చేశారు. చేయాల్సిందే. లోపలికి వదలమని నేను అనడం లేదు. కానీ మేడ మీద అద్దం వెనక ఒక గది కట్టి, పది రూపాయలో యాభై రూపాయలో టికెట్టు పెట్టి, తనిఖీ చేసి, సాగనంపేవాళ్లను నిలబెడితే పోయే భద్రత ఏముంది? 35,000 చదరపు మీటర్లలో అమ్మలకి ఒక గది ఇవ్వలేరా? దుకాణాలకు చోటు దొరుకుతుంది కదా.

వాయుదూత్ ఎంతోకాలం నిలవలేదు. అప్పులు, నష్టాలు, పాత విమానాలు. 1990లలో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు, దాంతో చిన్న ఊళ్ల పేర్లన్నీ పట్టీలోంచి రాలిపోయాయి. గన్నవరం మూగబోయింది. హైదరాబాద్ వెళ్లాలంటే మళ్లీ శాతవాహన ఎక్స్‌ప్రెస్సే, లేకపోతే రాత్రి బస్సు.

ఆ మూగబోయిన రోజుల్లో అక్కడి ఉద్యోగులు చేసిన పని ఎవరూ రాయలేదు కాబట్టి నేను చెబుతాను. రోజువారీ విమానం లేని ఏరోడ్రం అది. అయినా పొద్దున్నే ఫైరింజన్ స్టార్ట్ చేసి చూసేవాళ్లు. నీళ్లు నిండుగా ఉన్నాయా, నురుగు మందు సరిపడా ఉందా అని పరీక్ష. గాలి ఎటు కొడుతోందో చెప్పే గుడ్డసంచి చిరిగితే కొత్తది కట్టేవాళ్లు. రన్‌వే ఈ చివర నుంచి ఆ చివర దాకా జీపులో తిరిగి రాళ్లు ఏరేవాళ్లు, దూరిన గేదెలను తోలేవాళ్లు. ఏ ముఖ్యమంత్రి విమానమో, ఎవరి హెలికాప్టరో చెప్పకుండా దిగినా తయారుగా ఉండాలని. ‘విమానం లేదు కదండీ, ఎందుకీ తంటాలు’ అని అడిగితే ఒక పెద్దాయన ‘వచ్చే విమానం వస్తున్నట్టు ముందే ఉత్తరం రాయదు కదండీ’ అన్నాడు. ఇప్పుడు అక్కడ పనిచేసే పిల్లల్లో సగం మంది కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు. మంచి పిల్లలే. కానీ ఏడాదికో కంపెనీ చొక్కా మారితే ఆ నేల గురించి వాళ్లకు ఎవరు నేర్పుతారు?

2003 సెప్టెంబరు వచ్చింది. కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ అనే చౌక విమాన సంస్థ మొదలుపెట్టి, హైదరాబాద్ నుంచి విజయవాడకు ఏటీఆర్ విమానం వేస్తామన్నాడు. ప్రారంభోత్సవం రోజున వెంకయ్యనాయుడు లాంటి పెద్దలంతా ఎక్కి కూర్చున్నాక బేగంపేటలోనే ఇంజన్‌లో మంటలొచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. అంతటి అపశకునం తర్వాత ఇంకొకడైతే మూట కట్టేసేవాడు. ఆయన ఆపలేదు. ఆ ఏటీఆర్ రోజూ రావడం మొదలుపెట్టాక వస్త్రలత బట్టల వ్యాపారులు, ఆటోనగర్ మెకానిక్ షాపుల యజమానులు, మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు మొదటిసారి విమానం ఎక్కారు. హవాయి చెప్పులవాడు విమానమెక్కాలని 2017లో ఉడాన్ పథకం మొదలుపెడుతూ ప్రధాని అన్నారు. మా దగ్గర అంతకు పదమూడేళ్ల ముందే ఎక్కాడు.

ఆ సర్వీసు మనకెందుకు అంత పనికొచ్చిందో ఈనాటి వాళ్లు ఆలోచించరు. విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య దూరం 275 కిలోమీటర్ల దాకా ఉంటుంది. విమానం గాల్లో ఉండేది గంట లోపే. దిగేది బేగంపేటలో. బయటికొచ్చి ఆటో ఎక్కితే అమీర్‌పేట, సికింద్రాబాద్ పక్కనే. పొద్దున వెళ్లి సచివాలయంలో పని చూసుకుని రాత్రికి ఇంట్లో అన్నం తినొచ్చు. 2008 మార్చి 23న శంషాబాద్ తెరిచి బేగంపేటకు తాళం వేశారు. శంషాబాద్ గొప్ప ఎయిర్‌పోర్టే, కాదనను. కానీ అక్కడి నుంచి ఊళ్లోకి రావడానికి గంట, గన్నవరం చేరడానికి గంట ముందు, అక్కడ తనిఖీకి ఇంకో గంట. ఈ గంటలన్నీ కలిపితే కారులో వెళ్లినవాడికంటే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. ఆ రోజుతో హైదరాబాద్ విమానం మనవాళ్లకు ఊరికెళ్లే విమానం కాకుండా ఇంకో విమానం పట్టుకోవడానికి ఎక్కే విమానం అయిపోయింది. పెద్ద ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు చిన్న ఎయిర్‌పోర్టుకి ఏమవుతుందని ఎవరూ అడగలేదు.

2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఇటు వచ్చాక గన్నవరానికి ఊపిరొచ్చింది. ఆ రోజుల్లో పనులు జరిగిన తీరు మెచ్చుకోవాలి. పాత హాలు చాలక జనం ఎండలో నిలబడుతుంటే తాత్కాలిక టెర్మినల్ ఒకటి చకచకా కట్టి 2017 జనవరి 12న తెరిచారు. రాష్ట్రం విడిపోకముందే బెజవాడవాళ్లే ఎయిర్ కోస్టా అనే సంస్థ పెట్టి 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ జెట్లు ఎగరేశారు. మన ఊరి పెట్టుబడి, మన ఊళ్లో ఆఫీసు. రెండో తరగతి ఊళ్లను కలుపుతామన్నారు. ఆ విమానం మీద విజయవాడ చిరునామా ఉందంటే మాకు ఛాతీ పొంగేది. 2017 ఫిబ్రవరి ఆఖరికి ఆగిపోయింది. అద్దెకు తెచ్చుకున్న విమానాలు, చేతిలో లేని డబ్బు. మన వ్యాపారులు సినిమాల్లో, ఆస్పత్రుల్లో, కాలేజీల్లో పెట్టిన డబ్బులో కాస్త దీనికి అందించి ఉంటే నిలబడేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అదే ఏడాది మేలో కేంద్ర మంత్రివర్గం గన్నవరాన్ని అంతర్జాతీయ విమానాశ్రయంగా ఒప్పుకుంది. ఆ రోజు పటాసులు కాల్చారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బోర్డు మీద అంతర్జాతీయం అని పడింది గానీ దేశం దాటే విమానం ఒక్కటీ లేదు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ మనుషులు, కౌంటర్లు సమకూరేసరికి ఏడాదిన్నర. 2018 డిసెంబరు 4న సింగపూర్‌కి ఇండిగో విమానం లేచింది. వారానికి రెండు సర్వీసులు. సీట్లు నిండకపోతే ఆ లోటు రాష్ట్ర ప్రభుత్వం భరించాలన్న ఒప్పందం మీద నడిచింది. 2019లో ప్రభుత్వం మారింది, లోటు భర్తీ ఆగింది, జూన్ ఆఖరుకి విమానమూ ఆగింది. ఆరు నెలలు దాటింది, ఏడు నిండలేదు. ఒక దారి జనానికి అలవాటు కావడానికి ఆరు నెలలు సరిపోతాయా? సింగపూర్‌లో ఉద్యోగం చేసే కొడుకు సెలవు ఏడాది ముందు పెట్టుకుంటాడు. టికెట్టు కొనే ముందు ఆ సర్వీసు అప్పటికి ఉంటుందన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం ఒకసారి పోతే మళ్లీ విమానం వేసినా వాడు శంషాబాద్ నుంచే కొంటాడు. సీట్లు నిండడం లేదని కంపెనీ అంటుంది. ప్రభుత్వాలు మారినా ఒప్పందం మారకూడదని ఏ పార్టీవాళ్లూ అనరు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరికి చేదు.

మనకు జనం లేరా అంటే కృష్ణా జిల్లాలో అమెరికాలో మనిషి లేని ఊరు చూపించండి. రాత్రి పది తర్వాత హైదరాబాద్ హైవే మీద నిలబడి చూస్తే తెలుస్తుంది, పైన పెట్టెలు కట్టిన ఇన్నోవాలు ఎన్ని పోతాయో. ఇటు గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లే ఆడవాళ్లు, కూలి పనివాళ్లు ఉన్నారు. వాళ్లకు గన్నవరం పక్కూరు లాంటిది. 2020లో కరోనా వచ్చి విమానాలన్నీ ఆగిపోయాక, వందే భారత్ మిషన్ విమానాల్లో గల్ఫ్ నుంచి మనవాళ్లు నేరుగా గన్నవరంలోనే దిగారు. ఆ ఏడాది ఆ ఏరోడ్రం చేసిన సేవకు చేతులెత్తి మొక్కాలి. పీపీఈ కిట్లు వేసుకుని చెమటలు కక్కుతూ పనిచేసిన వాళ్లందరికీ. 2022 అక్టోబరు 31 నుంచి షార్జాకు విమానం మొదలైంది. 2023లో హజ్ యాత్రికులు మొదటిసారి ఇక్కడి నుంచే వెళ్లారు. బెజవాడ వన్‌టౌన్ నుంచీ, గుంటూరు నుంచీ తెల్లటి బట్టల్లో వచ్చిన ముసలివాళ్లను చూసి నాకు పాత రోజులు గుర్తొచ్చాయి. అవసరం ఉంది, జనం ఉన్నారు. నిలకడే లేదు.

రైతుల మాట చెప్పకపోతే ఈ రాత అన్యాయం. రన్‌వే పొడిగింపు ఊరికే రాలేదు. బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతులు భూములు ఇచ్చారు, వందల ఎకరాలు. ఎకరం కోట్లు పలికే హైవే పక్క నేల అది. డబ్బు తీసుకోలేదు వాళ్లు, సమీకరణ పద్ధతిలో ఇచ్చారు. బదులుగా అమరావతి రాజధానిలో స్థలాలు అన్నారు. తర్వాత మూడు రాజధానుల గొడవ వచ్చింది, అమరావతి పడకేసింది, ఆ స్థలాలు కాగితాల మీద మిగిలాయి. కౌలు డబ్బుల కోసం అర్జీలు పెట్టుకుంటూ తిరిగారు. పొడిగించిన రన్‌వే 2021 జూలైలో వాడకంలోకి వచ్చింది. పాతది 2,286 మీటర్లు. దానికి 1,074 మీటర్లు కలిపారు. రెండు నడవల పెద్ద విమానాలు దిగడానికట. నేను వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను, రోజువారీ వచ్చేవి ఏటీఆర్‌లూ, ఒక్క నడవ విమానాలే. అవి పాత 2,286 మీటర్లలో కూడా దిగేవి. ఆ 1,074 మీటర్లు ఇచ్చినవాడు పొలం పోయి, స్థలం రాక నిలబడ్డాడు. పెద్ద విమానం రాకపోతే అతడి త్యాగానికి జవాబు ఎవరు చెప్పాలి? మా రోజుల్లో ప్రాజెక్టు కింద భూమి పోయిన రైతు పేరు ఊరంతా చెప్పుకునేది. ఈ కొత్త టెర్మినల్‌లో వాళ్ల ఊళ్ల పేర్లయినా ఒక గోడ మీద చెక్కారా చూడండి.

పొడుగు రన్‌వే అసలే దండగ అనను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సగం మునిగినప్పుడు, రైళ్లు ఆగి రోడ్లు తెగినప్పుడు, సహాయానికి వచ్చిన బృందాలకు గన్నవరమే దిక్కయింది. అలాంటి రోజున ఏరోడ్రం విలువ డబ్బుతో తూచలేం.

తెల్లవారుజాము మంచు సంగతి కూడా ఉంది. చుట్టూ కాలువలు, వరి పొలాలు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ మంచు కమ్మితే ఎదుటి మనిషి కనపడడు. మా రోజుల్లో ఎండ పొడిచాక వచ్చే విమానాలే కాబట్టి ఆ బెడద తక్కువ. ఇప్పుడు చీకటితోనే మొదటి విమానం పెట్టుకుని, ఏటా ఆ రెండు నెలలూ అది నెత్తిమీద చుట్టూ తిరిగి హైదరాబాదుకు మళ్లిపోతుంటే, కింద జనం గంటలు గంటలు కూర్చుంటారు. ఊళ్లో ఏ పాలేరునడిగినా చెప్పే సంగతి ఇది. ఆ రెండు నెలలు వేళ గంటన్నర వెనక్కి జరపడానికి ఏమడ్డం?

నేల మీద పనిచేసేవాళ్ల సంగతీ చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో దోహా నుంచి 64 మందితో వచ్చిన విమానం క్షేమంగా దిగి, నిలిపే చోటికి వెళ్తూ రెక్కతో దీపస్తంభాన్ని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సముద్రాలు దాటొచ్చి వాకిట్లో స్తంభానికి తగలడం! కింద నిలబడి చెయ్యి చూపించే మనిషి పని ఎంత పెద్దదో ఆ రోజు తెలియాలి. అలాంటి పనివాళ్లను నిలుపుకోవడం మీద పెట్టాల్సిన శ్రద్ధ గాజు మీద పెడుతున్నారు.

పెద్దమనుషుల రాకపోకల గురించీ ఒక మాట. గన్నవరం నియోజకవర్గం నుంచి గెలిచి శాసనసభకు వెళ్లినవారిలో పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు. సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన మనిషి. ఆ నియోజకవర్గంలోనే ఇప్పుడు ఒక మంత్రి దిగితే జాతీయ రహదారి ఆపేస్తున్నారు. విమానం అందుకోవాల్సినవాడు కారులో కూర్చుని గడియారం చూసుకోవాలి. మా రోజుల్లోనూ మంత్రులు దిగేవాళ్లు. మెట్ల దగ్గరే మేము ప్రశ్నలు అడిగేవాళ్లం, జవాబు చెప్పి జీపెక్కి వెళ్లిపోయేవాళ్లు. ఎవరి విమానమూ తప్పేది కాదు.

ఇది గన్నవరం ఒక్కదాని కథ కాదు. కడప ఏరోడ్రం 2015లో తెరిచి, 2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి విమానాల్లో ఒకటి అక్కడి నుంచి హైదరాబాదుకు వేశారు. నడిపిన ట్రూజెట్ 2022లో మూతపడింది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో కొత్తది తెరిచారు. వరంగల్‌వాళ్లు నిజాం కాలం నాటి మామునూరు మైదానం చూపించి దశాబ్దాలపాటు అడుగుతూ వచ్చారు. ఉడాన్ కింద ఇచ్చే లోటు భర్తీ మూడేళ్లే. మూడేళ్లయ్యాక ఏమిటన్నది ఆ ఊళ్లవాళ్లకే వదిలేశారు. నేల సిద్ధం చేయడం తేలిక, దానికి డబ్బు ఒకసారి పెడితే చాలు. విమానం రోజూ రావడానికి రోజూ పట్టించుకోవాలి.

కొత్త టెర్మినల్‌కి 2019 ఫిబ్రవరి 12న వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతి హోదాలో శంకుస్థాపన చేశారు. ఆరేళ్లు నిండిన నాటికి కూడా గడువు మీద గడువు మారుతూనే ఉంది. తాత్కాలికం అని కట్టిన దాంట్లోనే జనం సర్దుకుంటున్నారు. తెరిచే రోజున ఎలాగూ పెద్దలందరూ వస్తారు, శిల్పాలు, రంగులు చూసి మెచ్చుకుంటారు. ఆ రోజు ఆ హాల్లో, అందరికీ కనపడే చోట, ఒక బోర్డు పెట్టాలని నా కోరిక. వాయుదూత్ నాటి నుంచి ఈ ఏరోడ్రంలో మొదలైన ప్రతి సర్వీసూ ఎక్కడికి, ఏ రోజు మొదలైంది, ఏ రోజు ఆగింది అని వరసగా రాయాలి. కొత్తది మొదలైతే కింద చేర్చాలి. ఆగితే అదే రోజు ఆ తారీఖు కూడా వేయాలి, ఏ ప్రభుత్వమైనా సరే. వివరాలు ఎవరి దగ్గరా లేవనడానికి వీల్లేదు. నా నోటు పుస్తకాలు అటక మీద ఉన్నాయి, మనిషిని పంపితే దింపి ఇస్తాను.